ఇంటిల్లిపాదీ ప్రయాణం

భూమిపై సంచరించి గతించిన జాతుల చరిత్రను, అల్లాహ్ సృష్టి వైచిత్రిని కళ్లారా చూడవలసిందిగా దివ్య ఖుర్ఆన్ మానవులను పలుచోట్ల ప్రేరేపించింది. ఒక్క హదీసు వినడం కోసం మన పూర్వ పండితులు నెలల తరబడి ప్రయాణించారు. కాని నేటి మన సాధారణ కుటుంబాల్లో ప్రయాణానికి కారణాలు చాలా తక్కువ. పెళ్లి, పరామర్శ, ఆసుపత్రి, పిల్లల చదువు. అల్లాహ్ భాగ్యం ప్రసాదిస్తే ఉమ్రా, హజ్. పురుషులు ఉద్యోగరీత్యానో వ్యాపారరీత్యానో నాలుగు ఊళ్లు తిరిగివస్తారు. ఇంటి స్త్రీలు, ముఖ్యంగా వయసు మళ్లినవారు, తమ జిల్లాలోని కొండనూ జలాశయాన్నీ చూడకుండానే జీవితం గడిపేస్తారు. వారు నోరు తెరిచి అడగరు కనుక వారికి ఆ కోరికే లేదని మిగతావారు అనుకుంటారు.

దసరా సెలవుల్లో మా కుటుంబం నల్గొండ నుండి బయలుదేరి దేవరకొండ, డిండి, మన్ననూరు, ఫరహాబాద్ చూసుకొని, అచ్చంపేటలో ఒక రాత్రి బస చేసి, మహబూబ్‌నగర్ మీదుగా తిరిగివచ్చింది. రెండు రోజుల చిన్న ప్రయాణమే. అయినా అందులో మేము గ్రహించిన కొన్ని విషయాలు కుటుంబ పెద్దలకు ఉపకరిస్తాయన్న ఉద్దేశంతో ఈ నాలుగు మాటలు రాస్తున్నాము.

చక్రాలపై ఇల్లు

మా తమ్ముడు కొన్నేళ్లుగా బ్రిటన్‌లోని బర్మింగ్‌హామ్‌లో స్థిరపడ్డాడు. సెలవుపై కుటుంబంతో వచ్చినప్పుడు అతని కుమారులు అక్కడి మోటార్‌హోమ్ ముచ్చట్లు చెప్పారు. అది చూడటానికి పెద్ద వ్యాను. లోపల పడకలు, చిన్న వంటగది, నీళ్ల తొట్టి, మరుగుదొడ్డి అన్నీ అమర్చి ఉంటాయి. శుక్రవారం సాయంత్రం దాన్ని అద్దెకు తీసుకొని వేల్స్ కొండలకో, సముద్రతీరానికో వెళ్లి ఆదివారం రాత్రికి ఇల్లు చేరే కుటుంబాలు అక్కడ చాలా ఉన్నాయట. బండి నిలపడానికి ప్రత్యేకమైన మైదానాలు ఉంటాయి. వాడిన నీటిని, మరుగుదొడ్డి తొట్టిని నిర్ణీత స్థలంలోనే ఖాళీ చేయాలి, ఎక్కడపడితే అక్కడ పారబోయకూడదు.

బండికి తగిలించి లాక్కెళ్లే ఇంటిని అక్కడ క్యారవాన్ అంటారు. ఈ మాట మనకు పరాయిది కాదు. ఫార్సీలో ‘కార్వాన్’ అంటే కలిసి ప్రయాణించే బాటసారుల బిడారు. అలాంటి బిడారులు దిగిన చోటే హైదరాబాదులోని కార్వాన్ మొహల్లా. 1671లో నిర్మించిన టోలీ మస్జిద్ నేటికీ అక్కడే ఉంది. అడవిలో జంతువులను చూపే ‘సఫారీ’ అనే మాట కూడా అరబీ ‘సఫర్’ నుండి స్వాహిలీ భాష ద్వారా ఇంగ్లీషుకు చేరి, తిరిగి మన నల్లమలకు వచ్చింది.

బ్రిటన్‌లో ఈ విహారానికి నాంది పలికిన వారిలో గోర్డన్ స్టేబుల్స్ ఒకరు. నౌకాదళంలో వైద్యుడిగా పనిచేసి, పిల్లల కథలు రాసిన ఆయన 1885లో బ్రిస్టల్ పనివారి చేత ‘వాండరర్’ అనే గుర్రపు బండి ఇంటిని చేయించుకొని స్కాట్లాండు వరకు వెళ్లివచ్చాడు. ఆ తరువాత 1907లో అక్కడ క్యారవాన్ క్లబ్బు కూడా ఏర్పడింది. ఆయన ప్రయాణంలో మమ్మల్ని ఆలోచింపజేసిన అంశం ఒకటుంది. ఆయన వెంట గుర్రాలను తోలే బండివాడు ఒకడు, పరిచారకుడు ఒకడు ఉన్నారు. ఆ బండిలో ఒకరు విహరించారు, ఇద్దరు పనిచేశారు. మనం కుటుంబంతో బయలుదేరినప్పుడు ఆ పరిచారకుడి స్థానంలో ఎవరు ఉంటున్నారు?

జవాబు వెతకనవసరం లేదు. తెల్లవారుజామున మూడు గంటలకే లేచి రొట్టెలు, చట్నీ, పులావు కట్టేది ఇల్లాలు. దిగిన చోటల్లా దస్తర్‌ఖాన్ పరిచేది, పళ్లాలు కడిగేది, పిల్లలకు బట్టలు మార్చేది ఆమే. జలాశయం ముందు ఫోటో తీసేటప్పుడు ఆమె వెనక ఎక్కడో డబ్బాలు సర్దుతూ ఉంటుంది.

పొయ్యి ఎవరితో రావాలి?

మోటార్‌హోమ్ లేకపోయినా దాని సౌకర్యాలు కొన్నైనా ఉండాలని పిల్లలు పట్టుబట్టారు. పన్నెండు సీట్ల టెంపో మాట్లాడాము. చిన్న గ్యాసు పొయ్యి, రెండు గిన్నెలు, మంచినీళ్ల క్యాన్లు, జానమాజులు, చాపలు జాబితాలో చేరాయి. జాబితా చదువుతుండగా పిల్లల తల్లి ఒకే మాట అన్నారు.

“పొయ్యి మీతో రావాలి. నాతో కాదు.”

ఆ మాటలోని న్యాయాన్ని ఎవరూ కాదనలేకపోయారు. వంట, గిన్నెలు, సామాను దించడం, ఎక్కించడం మగపిల్లలకు, పెద్దలకు కాగితంపై రాసి పంచాము. ఇది కొత్తగా కనిపెట్టిన పద్ధతి కాదు. మహాప్రవక్త (స) ఇంట్లో ఉన్నప్పుడు ఇంటివారి పనుల్లో పాలుపంచుకునేవారని, నమాజు వేళ కాగానే వెళ్లేవారని హజ్రత్ ఆయిషా (రజి) తెలిపారు. హజ్రత్ అనస్ (రజి) వివరించిన మరో సంఘటన నేరుగా ప్రయాణానికి సంబంధించినది. ఎండ మండిపోతున్న ఒక ప్రయాణంలో కొందరు సహచరులు ఉపవాసంతో ఉన్నారు, కొందరు ఉపవాసం లేకుండా ఉన్నారు. మజిలీ చేరగానే ఉపవాసం ఉన్నవారు అలసటతో వాలిపోయారు. ఉపవాసం లేనివారు గుడారాలు వేసి, జంతువులకు నీళ్లు పెట్టారు. ఆ రోజు పుణ్యాన్ని ఉపవాసం లేనివారే గెలుచుకున్నారని మహాప్రవక్త (స) ప్రకటించారు. ప్రయాణంలో తోటివారికి చేసే సేవ స్థాయి ఎంతటిదో గ్రహించడానికి ఈ ఒక్క హదీసు చాలు.

ముగ్గురు కలిసి ప్రయాణించినా ఒకరిని అమీరుగా ఎంచుకోవడం సున్నత్ కనుక మా తమ్ముణ్ణి ఎంచుకున్నాము. ఎక్కడ ఆగాలో, ఎప్పుడు కదలాలో అతని మాటే చివరిది. దీనివల్ల బండిలో పది గొంతులు లేవలేదు. డ్రైవరుకు ముందే ఒక విన్నపం చేశాము. స్త్రీలు ఎక్కిన ఒంటెలను పాట పాడుతూ వేగంగా తోలుతున్న అంజషాను, గాజుపాత్రలను తీసుకెళ్తున్నట్లు నెమ్మదిగా నడపమని మహాప్రవక్త (స) మందలించిన వృత్తాంతం అతనికి వినిపించాము. అతను ముస్లిమేతరుడు. విని నవ్వి, “మంచి మాట చెప్పారు సార్” అని రెండు రోజులూ ఆ మాట నిలబెట్టుకున్నాడు.

దారి, నీరు, నమాజు

ఫజ్ర్ చేసుకొని బయలుదేరాము. రోడ్డుకు అటూ ఇటూ బత్తాయి తోటలు, పత్తి చేలు, మధ్యమధ్య ఏనుగుల్లా కూర్చున్న నల్లరాతి గుట్టలు. దేవరకొండ కోట ఏడు కొండల నడుమ కట్టినది. 14వ శతాబ్దంలో రేచర్ల వెలమ ప్రభువులకు స్థావరంగా ఉండేది. అమ్మగారి మోకాళ్ల దృష్ట్యా కోట ఎక్కలేదు. ఊరి వెలుపల చెట్ల నీడలో ఆగాము. మగపిల్లలు ఖిచిడీ, ఖాగీనా వండారు. ఖిచిడీ కొంచెం అడుగంటింది. భోజనానికి వంకపెట్టకపోవడం సున్నత్ అని అందరికీ ఒకేసారి గుర్తుకొచ్చింది. వేడి పళ్లెం తెచ్చి కుమారుడు చేతికి అందిస్తుంటే వాడి తల్లి దాన్ని వెంటనే తీసుకోలేదు. ముందు వాడి వంక, తర్వాత పళ్లెం వంక చూశారు.

ఇక్కడ ఒక ముఖ్య విషయం చెప్పాలి. మన స్త్రీలు ప్రయాణాలకు వెనకాడటానికి పెద్ద కారణం మరుగుదొడ్డి. బయలుదేరే ముందు నుండే వారు నీళ్లు తాగడం మానేస్తారు. సాయంత్రానికి తలనొప్పి, మూత్రంలో మంట. ఎందుకని అడిగితే చెప్పరు. అందుచేత దాదాపు గంటన్నరకు ఒకసారి, ముందే విచారించుకున్న పెట్రోలు బంకు వద్దో, శుభ్రమైన హోటలు వద్దో బండి ఆగేలా అమీరు ఏర్పాటు చేశాడు. ఎవరూ అడగకుండానే ఆగడం ముఖ్యం. అడిగితే ఆపుతామన్నది స్త్రీలకు సరిపోదు. బాటలో, జనం కూర్చునే నీడలో, నీటి రేవుల వద్ద మలమూత్ర విసర్జన చేయడాన్ని మహాప్రవక్త (స) తీవ్రంగా వారించారు. మోటార్‌హోమ్ తొట్టిని ఎక్కడ ఖాళీ చేయాలో చెప్పే బ్రిటన్ నిబంధన వింటే మాకు ఈ హదీసే జ్ఞాపకం వచ్చింది.

నీటి విలువ నల్గొండ వారికి ఒకరు చెప్పనవసరం లేదు. ఫ్లోరైడు నీరు తాగి ఎముకలు వంగిన తరాలను చూసిన జిల్లా ఇది. మహాప్రవక్త (స) ఒక ‘ముద్ద్’, అంటే రెండు చేతుల దోసిలి నిండేంత కొలత నీటితో వుజూ చేసేవారని హదీసుల్లో ఉంది. పిల్లలకు చెంబుతో అంతే కొలిచి ఇచ్చి వుజూ చేయించాము. మొదట సాధ్యం కాదన్నారు. రెండో పూటకు నీళ్లు మిగిల్చారు.

హైదరాబాదు నుండి శ్రీశైలం వెళ్లే రహదారిపై డిండి జలాశయం వస్తుంది. అక్టోబరు కనుక నీరు నిండుగా ఉంది. కట్టపై కొంతసేపు నడిచి, జుహర్ వేళకు మన్ననూరు చేరాము. అక్కడ రెండు రకాతులు మాత్రమే చదివించగానే పిల్లలు ప్రశ్నలు వేశారు. హనఫీ పండితుల ప్రకారం 48 మైళ్లు, సుమారు 77 కిలోమీటర్ల దూరానికి తగ్గని గమ్యాన్ని ఉద్దేశించి బయలుదేరిన వ్యక్తి ముసాఫిర్ అవుతాడు. చేరిన చోట పదిహేను రోజులకు తక్కువ ఉండదలిస్తే జుహర్, అస్ర్, ఇషా ఫర్జులను నాలుగుకు బదులు రెండు చదువుతాడు. ఫజ్ర్, మగ్రిబ్ మారవు. దూరాన్ని ఊరి పొలిమేర నుండి లెక్కించాలి. రానుపోను కలపకూడదు. నల్గొండ నుండి నాగార్జునసాగర్ వరకే వెళ్లివచ్చేవారికి ఆ దూరం రాదు కనుక వారు పూర్తి నమాజే చదవాలి. ఇతర మస్లక్‌ల వారు తమ ఉలమాను సంప్రదించాలి.

ఫరహాబాద్

మన్ననూరు దాటితే అమ్రాబాద్ పులుల అభయారణ్యం. రాత్రి 9 నుండి ఉదయం 6 వరకు ఈ అడవి దారిలో వాహనాలను అనుమతించరు. జంతువులు రోడ్డు దాటే వేళ అది. ప్లాస్టిక్ పారవేయరాదు. ఫరహాబాద్ వద్ద మన బండి దిగి అటవీశాఖ వాహనంలో లోపలికి వెళ్లాలి. ‘ఫరహ్’ అంటే సంతోషం. నిజాం వేసవి విడిదిగా మారకముందు ఇది పులులు నీళ్లు తాగే చెలమగా పేరుబడిన చోటట.

పులి కనబడలేదు. జింకలు, నెమళ్లు కనబడ్డాయి. కొండ అంచున దిగి చూస్తే కింద మైదానం, అందులో అద్దం ముక్కల్లా చెరువులు. గాలి చల్లగా వీస్తోంది. మా మరదలు, పిల్లల తల్లి చేతుల్లో ఏ సంచీ లేకుండా ఆ అంచు దారిలో చిన్నపిల్లల వెంట వేగంగా నడుస్తూ వెళ్లారు. వారి నవ్వులు మాకు వినబడుతున్నాయి. ఒక ప్రయాణంలో మహాప్రవక్త (స) తోటివారిని ముందుకు సాగనంపి హజ్రత్ ఆయిషా (రజి)తో పరుగు పందెం వేశారు. ఆమె గెలిచారు. కొంతకాలానికి ఆమె కాస్త ఒళ్లు చేసిన తరువాత మళ్లీ పందెం వేసి ఆయన గెలిచి, ఆ గెలుపుకు ఇది బదులన్నారు. మదరసాలో ఈ హదీసును మేము ఏటా బోధిస్తాము. విద్యార్థులు పరీక్షల్లో చక్కగా రాస్తారు కూడా. ఎన్ని ఇళ్లలో అది ఆచరణకు వస్తుందన్నదే ప్రశ్న.

ఈ అడవి చెంచుల నివాసం. వారి పెంటలు, గుడిసెలు మన కెమెరాల కోసం ఉన్నవి కావు. అనుమతి లేకుండా ఇతరుల ఇళ్లలోకి తొంగిచూడటాన్ని ఇస్లాం నిషేధించింది. గుడిసెకు తలుపు లేనంత మాత్రాన ఆ హద్దు చెరిగిపోదు.

అచ్చంపేటలో రాత్రి

చీకటి పడక ముందే అడవి దాటి అచ్చంపేటలో బస చేశాము. మన ప్రాంతంలో డ్రైవరు బండిలోనే సీటుపై పడుకోవడం ఆనవాయితీ. మేము అతనికీ ఒక మంచం తీసుకున్నాము. భోజనం కూడా ఒకే దస్తర్‌ఖాన్‌పై. వడ్డించిన సేవకుణ్ణి పక్కన కూర్చోబెట్టుకొని తినమన్న ధర్మం మనది. పైగా పన్నెండు ప్రాణాలు అతని నిద్రపై ఆధారపడి ఉన్నాయి.

ఇషా వేళ పురుషులం మస్జిదులో స్థానిక ఇమాము వెనక నాలుగు రకాతులు చదివాము. స్త్రీలు గదిలో రెండు చదివారు. ఒకే ఇంటివారికి ఒకే రాత్రి రెండు లెక్కలా అని చిన్నవాడు అడిగాడు. స్థానిక ఇమామును అనుసరించే ముసాఫిర్ పూర్తి నమాజు చదవాలని చెబితే, “అంటే వెళ్లిన ఊరి పద్ధతిని గౌరవించాలన్నమాట, బడే అబ్బా” అన్నాడు.

ఆ రాత్రి పిల్లలు లండను విశేషాలు చెప్పారు. గడియార స్తంభం, వంతెన, మ్యూజియం. మేము వారికి మరో రెండు చోట్లు చెప్పాము. లండనుకు సమీపంలోని వోకింగ్‌లో 1889లో నిర్మించిన షాజహాన్ మస్జిద్ ఉంది. దానికి ధనసహాయం చేసింది భోపాల్ పాలకురాలు షాజహాన్ బేగం. ఆ దగ్గరలోనే బ్రూక్‌వుడ్ శ్మశానవాటిక. ఖుర్ఆన్‌ను ఇంగ్లీషులోకి అనువదించిన మార్మడ్యూక్ పిక్థాల్, అబ్దుల్లా యూసుఫ్ అలీ ఇద్దరూ అక్కడే విశ్రమిస్తున్నారు. పిక్థాల్ హైదరాబాదులో నిజాం ప్రభుత్వ కొలువులో ఉండి, ‘ఇస్లామిక్ కల్చర్’ పత్రికకు సంపాదకత్వం వహించారు. ఆయన అనువాదం 1930లో వెలువడింది. మన నేలపై పనిచేసిన వ్యక్తి సమాధి మీ ఊరికి రెండుమూడు గంటల దూరంలోనే ఉన్నదని చెబితే పిల్లలు ఆశ్చర్యపోయారు. ఈసారి మోటార్‌హోమ్ అటువైపు మళ్లుతుందని మాటిచ్చారు.

అమ్మగారి మహబూబ్‌నగర్

మరునాడు జడ్చర్ల మీదుగా మహబూబ్‌నగర్ చేరాము. దారి పక్కన బుట్టల్లో సీతాఫలాలు. ఒకప్పటి పాలమూరుకు ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ పేరిట 1890లో ఈ పేరు వచ్చింది. అయితే దేశమంతటా పాలమూరు అన్న మాట నిలిచింది కూలీల వల్ల. నాగార్జునసాగర్ మొదలు ఎన్నో ఆనకట్టలకు రాళ్లు మోసినవారు ఈ జిల్లా బిడ్డలు. వారూ కుటుంబంతోనే ప్రయాణించారు. పొయ్యి, గిన్నెలు, పసిబిడ్డ అన్నీ లారీపైనే. వారి ఇల్లు కూడా చక్రాలపైనే ఉండేది. కాని వారు ఏ ఊరినీ చూడటానికి వెళ్లలేదు. సెలవు రోజున మన బండి అలాంటి లారీ పక్కనుండి సాగిపోతే కనీసం కృతజ్ఞతతో తల వంచాలి.

మా అమ్మగారు పుట్టింది ఈ పట్టణంలోనే. పెళ్లయి నల్గొండ వచ్చి యాభై ఏళ్లు దాటింది. తల్లిదండ్రులు గతించాక, ఇల్లు అమ్ముడయ్యాక ఇక్కడికి రావలసిన పని ఆమెకు పడలేదు. పని లేకుండా వెళ్దామని ఎవరూ అనలేదు, ఆమె అడగలేదు. ఇప్పుడు మాత్రం ఒకటే కోరారు. పిల్లలమర్రి చూడాలి.

పట్టణానికి నాలుగైదు కిలోమీటర్ల దూరంలో ఉన్న ఈ మర్రి కొన్ని వందల ఏళ్ల నాటిదని చెబుతారు. దాదాపు మూడెకరాల మేర ఊడలు దిగి, ఊడలే కాండాలై, తల్లి మొదలేదో పిల్ల మొదలేదో తెలియకుండా విస్తరించింది. చెదలు పట్టి కొమ్మలు విరగడంతో సందర్శకులను ఆపివేసి, 2018లో కొమ్మలకు సెలైన్ సీసాలు వేలాడదీసి బొట్టుబొట్టుగా మందు ఎక్కించారు. వాలిన కొమ్మలకు ఆధారాలు కట్టారు. మేము వెళ్లినప్పుడు కంచె బయట నుండే చూశాము. చిన్నప్పుడు ఆ ఊడలు పట్టుకొని ఊగానని అమ్మగారు మనవలకు చెప్పారు. “దాదీమా, ఏ ఊడ?” అని వారు అడిగితే చాలాసేపు వెతికి, “అది ఇప్పుడు చెట్టయిపోయింది నాన్నా” అన్నారు.

జుహర్‌కు జానమాజు పరుస్తూ ఆమె మమ్మల్ని అడిగారు: “ఇక్కడ నేను రెండు చదవాలా, నాలుగా?”

స్త్రీ వివాహమై అత్తవారింట శాశ్వతంగా స్థిరపడితే పుట్టిల్లు ఆమెకు స్వస్థలం కాకుండా పోతుంది. ఆ ఊరు సఫర్ దూరంలో ఉండి, పదిహేను రోజులకు తక్కువ ఉండదలిస్తే అక్కడ ఆమె ముసాఫిరే, ఖస్ర్ చదవాలి. ఎన్నోసార్లు పాఠంగా చెప్పిన మస్అలా ఇది. అయినా పుట్టిన ఊళ్లో ఉన్న తల్లికి “రెండు” అని చెప్పడానికి మా నోరు వెంటనే రాలేదు. ఆమె తల ఊపి, రెండు రకాతులు చదివి, చాలాసేపు దుఆ చేశారు.

ప్రతి ఇంట్లో ఇలాంటి ఒక తల్లి, ఒక అత్తగారు, ఒక మేనత్త ఉంటారు. పుట్టిన ఊరి చెట్టో చెరువో వారి మనసులో ఉంటుంది. ప్రయాణం ఎక్కడికని తర్జనభర్జన పడే కుటుంబాలు ముందుగా వారిని అడగవచ్చు. దూరదేశాలు తర్వాత చూడవచ్చు. నల్గొండ వారికి సాగర్, మహబూబ్‌నగర్ వారికి కోయిల్‌సాగర్, జూరాల ఒక్కరోజు ప్రయాణాలే.

ప్రయాణం ఎక్కడ ముగుస్తుంది?

ప్రయాణంలో కష్టం ఉంటుంది కనుక పని ముగియగానే ఇంటివారి వద్దకు త్వరగా చేరుకోమని మహాప్రవక్త (స) ఉపదేశించారు. ఆయన ప్రయాణం నుండి తిరిగివస్తే ముందుగా మస్జిదులో రెండు రకాతులు చదివేవారు. మేమూ మగ్రిబ్ తరువాత ఊరు చేరి ఆ సున్నత్ పాటించాము.

సాధారణంగా ఇక్కడితో పురుషుల ప్రయాణం ముగుస్తుంది. స్త్రీలకు మాత్రం మరో రెండు రోజులు మిగిలి ఉంటుంది. మాసిన బట్టలు, మసి పట్టిన గిన్నెలు, ఇసుక నిండిన చాపలు, మరునాటి బడికి పిల్లల డబ్బాలు. మా కాగితంలో ఈ పనులు కూడా ముందే పంచి ఉన్నాయి. ఆ రాత్రి మగపిల్లలు గిన్నెలు తోమారు, మా తమ్ముడు బట్టలు ఉతికి ఆరవేశాడు. పిల్లల తల్లి అమ్మగారి పక్కన కూర్చొని మరో ప్రయాణం గురించి మాట్లాడుతున్నారు. అలంపురం దగ్గర కృష్ణా తుంగభద్రలు కలుస్తాయట, చూడాలి అంటున్నారు.

అల్లాహ్ మన ఇళ్లకు క్షేమకరమైన ప్రయాణాలను, ఆ ప్రయాణాల్లో ఒకరికొకరు సేవ చేసుకొనే సద్బుద్ధిని ప్రసాదించుగాక. ఆమీన్.